కొత్త చేసే పిల్లలు

పసిపిల్లల గురించి తెలుగులో ఒక చక్కని మాట ఉంది: ‘కొత్త చేయడం’. ఎనిమిది నెలల బిడ్డను చుట్టం చేతికి అందించగానే మూతి విరిచి ఏడుపు లంకించుకుంటే, తల్లి నొచ్చుకోదు. ‘వీడు కొత్త చేస్తున్నాడు’ అని నవ్వేస్తుంది. తప్పు బిడ్డదీ కాదు, చుట్టానిదీ కాదు, ఇద్దరి మధ్యా ఉన్న కొత్తదనానిది. రెండు రోజులు గడిచాక అదే బిడ్డ అదే చుట్టం మీసం పట్టుకుని లాగితే ‘కొత్త పోయింది’ అంటారు. కొత్త వస్తుంది, పోతుంది.

అందరు పిల్లలకూ ఒకే వేగంతో పోదు. కొందరికి అరగంటలో పోతుంది, కొందరికి వారం పడుతుంది. కొందరు పెద్దయ్యాక కూడా తలుపు దగ్గర ఆగిపోయి, లోపల ఎవరున్నారో చూసి గానీ అడుగు వేయరు. ఈ అధ్యాయం వాళ్ల గురించి.

కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో ఏటా జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. నందవరం, గోనెగండ్ల, పెద్దకడుబూరు వైపు నుంచీ, సరిహద్దు దాటి కర్ణాటక పల్లెల నుంచీ జనం వస్తారు. రథం లాగే రోజు ఒక పక్కన అరగంట నిలబడి, దేవుణ్ణి చూశాక తండ్రుల భుజాల మీద కూర్చున్న పిల్లల్ని కూడా చూడండి. డప్పులు, మైకులు, బూరలు, రంగులరాట్నం కేకలు అందరి చెవులకూ ఒకటే. ఒక పిల్లవాడు కాళ్లు ఆడిస్తూ, కనబడ్డ ప్రతి బుడగకీ చెయ్యి చాస్తుంటాడు. ఇంకొకడు తండ్రి జుట్టు గుప్పెట పట్టి బిగుసుకుపోయి ఉంటాడు. వాడు ఏడవడు. కళ్లు మాత్రం కదులుతుంటాయి.

నేను చూసిన ఒక పాపకు రెండేళ్లు ఉంటాయి. తండ్రి ప్లాస్టిక్ బూర కొని చేతికిచ్చాడు. పట్టుకోలేదు. పెదాల దగ్గర పెట్టాడు. మొహం తిప్పుకుంది. ‘ఈ పిల్లకేదీ నచ్చదు’ అని విసుక్కుంటూ బూర జేబులో పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాల తర్వాత పశువుల సంత వైపు సందడి తగ్గిన చోట వాళ్లు మళ్లీ కనబడ్డారు. పాప వంగి, తండ్రి జేబులోంచి బూరను తానే తీసుకుంటోంది. బూర నచ్చక కాదు, అంత గోలలో, అంతమంది ముందు, అప్పటికప్పుడు తీసుకోవడమే ఆమెకు చేతకాలేదు.

ఈ తేడా ఎక్కడిది? మన పెద్దల దగ్గర రెండు జవాబులున్నాయి. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అన్నది ఒకటి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నది రెండోది. ఒకటి పుట్టుక వైపు, ఇంకొకటి పెంపకం వైపు లాగుతాయి. అయినా ఒకే ముసలమ్మ నోట ఒకే పూట రెండూ వినబడతాయి. ఈ రెండింటికీ దేని చోటు దానికి చూపించడానికి మనోవిజ్ఞానానికి అరవై ఏళ్లు పట్టింది.

నాలుగు నెలల బిడ్డ చేతులూ కాళ్లూ

పుట్టుకతో వచ్చే ఈ వైఖరిని ‘నైజం’ అందాం. వ్యక్తిత్వం అనే ఇంటికి నైజం పునాది. 1956 నుంచి న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే వైద్య దంపతులు 133 మంది పిల్లల్ని పసితనం నుంచి వెంబడించి గమనించారు. నూటికి 40 మంది దేనికైనా తేలిగ్గా సర్దుకునేవాళ్లు. 10 మంది మొండిగా, గట్టిగా ఏడ్చేవాళ్లు. 15 మంది మెల్లగా అలవాటు పడేవాళ్లు. మిగిలినవాళ్లు ఏ గంపలోనూ పూర్తిగా ఇమడలేదు. మన దేశంలో చండీగఢ్ పీజీఐకి చెందిన సవితా మల్హోత్రా ఈ దారిలోనే, భారతీయ తల్లిదండ్రులను అడిగి పిల్లల నైజాన్ని అంచనా వేసే ప్రశ్నావళిని 1982లో ప్రచురించారు.

మెల్లగా అలవాటు పడే పిల్లల్ని అందరికంటే లోతుగా చూసినవాడు మనోవిజ్ఞాని జెరోమ్ కేగన్ (1929–2021). విచిత్రమేమిటంటే పుట్టుకకు పెద్దపీట వేయడం ఆయనకు మొదట్లో ఇష్టం లేదు. పెంపకమే సర్వస్వమని నమ్మే తరం ఆయనది. హోవర్డ్ మాస్‌తో కలిసి 1962లో అచ్చువేసిన పుస్తకం కోసం, పసితనం నుంచి యవ్వనం దాకా నమోదైన కాగితాలన్నీ తిరగేశారు. మొదటి మూడేళ్ల గుణాల్లో ఎక్కువ భాగం పెద్దయ్యాక ఆనవాలు లేకుండా పోయాయి. కొత్తదాన్ని చూసి వెనక్కి తగ్గే గుణం మాత్రం నిలిచింది. ఆ సంగతిని ఆయన అప్పట్లో పక్కన పెట్టారు. హార్వర్డ్‌లో మళ్లీ దాని దగ్గరికే వచ్చారు.

ఆయన బృందం నాలుగు నెలల పిల్లలు సుమారు 500 మందిని ఒక్కొక్కరిగా కుర్చీలో కూర్చోబెట్టింది. కళ్ల ముందు రంగురంగుల బొమ్మలు ఊగించారు. టేపులోంచి కొత్త గొంతు వినిపించారు. ఘాటు వాసన వచ్చే ద్రవంలో దూది ముంచి ముక్కు దగ్గర పెట్టారు. ఇందులో భయపెట్టేది ఏదీ లేదు, ఉన్నదంతా కొత్తదే. నూటికి 20 మంది చేతులూ కాళ్లూ టపటపా కొట్టుకుని, వీపు విల్లులా వంచి ఏడ్చారు. 40 మంది హాయిగా చూస్తూ ఉండిపోయారు.

నాలుగు నెలలప్పుడు ఎక్కువ గోల చేసిన బిడ్డే రెండేళ్లకు ఎక్కువ మౌనంగా ఉండే అవకాశం ఉందని తర్వాత తేలింది. తలకిందులుగా ఉంది కదా? కాస్త ఆలోచిస్తే కాదు. నాలుగు నెలల బిడ్డకు పారిపోవడం, దాక్కోవడం, బిగుసుకుపోవడం రావు. లోపలి కలవరం అంతా కాళ్లూ చేతుల్లోంచే బయటికి వస్తుంది. రెండేళ్లకు అదే కలవరం అమ్మ చీరకుచ్చిళ్లలోకి దూరుతుంది. నైజం మారలేదు, దాని వేషం మారింది.

ఆ కలవరానికి మెదడులో ఒక ఠాణా ఉంది, పేరు అమిగ్డలా. గ్రీకులో బాదం గింజ అని అర్థం. ఆకారమూ అంతే. చెవుల లోతులో రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టే కావలివాడని దీనికి పేరు. అయితే దాని పని పాముతోనే అయిపోదు, పరిచయం లేని ముఖాన్ని చూసి కూడా తల ఎత్తుతుంది. 2003లో కార్ల్ ష్వార్ట్జ్, కేగన్ తదితరులు 22 మంది యువతీయువకులను ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి ముఖాల బొమ్మలు చూపించారు. వాళ్లలో 13 మంది రెండేళ్ల వయసులో కొత్తకు వెనకాడినవాళ్లు, 9 మంది వెనకాడనివాళ్లు. అప్పటికే చూసిన ముఖాల మధ్య కొత్త ముఖం వచ్చినప్పుడు వెనకాడినవాళ్ల అమిగ్డలా ఎక్కువగా స్పందించింది. ఇరవై ఏళ్లు గడిచినా ఠాణాలో కావలి సడలలేదు.

ఇంతవరకూ మొదటి సామెతదే గెలుపు.

నూటికి యాభై ఏడు

ఇక్కడ ఒక అంకె చెప్పాలి, చాలామంది తల్లిదండ్రులను నిద్రపోనివ్వని అంకె. జాక్వెలిన్ క్లాస్, జెన్నిఫర్ బ్లాక్‌ఫర్డ్ 2012లో అనేక పరిశోధనల ఫలితాలను ఒకచోట చేర్చారు. పసితనంలో బాగా వెనకాడిన పిల్లల్లో నూటికి 43 మందికి తర్వాత నలుగురిలో మెలగడమంటే తీవ్రమైన భయం పట్టుకుంది. దాన్నే సామాజిక ఆందోళన రుగ్మత అంటారు. మిగతా పిల్లల్లో అది నూటికి 12 మందికే వచ్చింది. ఇంత చిన్న వయసులో కనబడే లక్షణాల్లో ఇంత గట్టి హెచ్చరిక అరుదు.

అదే అంకెను అటు వైపు నుంచి చదవండి. 43 మందికి వచ్చిందంటే 57 మందికి రాలేదు. అవే చేతులు, అవే కాళ్లు, అదే బాదం గింజ. మరి వీళ్లకు ఏం జరిగింది? ఈ ప్రశ్నలోనే రెండో సామెతకు చోటుంది.

నేతపని ఊరు కాబట్టి ఎమ్మిగనూరు దగ్గరే దీనికి పోలిక దొరుకుతుంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరిది. చేనేతలో పడుగును మగ్గానికి ఎక్కించేముందు వీధిలో బారుగా చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతారు. గంజి పెట్టినా నూలు మారదు. సన్న నూలు సన్నగానే ఉంటుంది. మగ్గం కొట్టే దెబ్బకు తెగకుండా మాత్రం ఉంటుంది. గంజి మరీ ఎక్కువైనా పోగు పెళుసుబారి విరుగుతుంది.

బిడ్డ విషయంలో ఆ ఎక్కువైన గంజి ఏమిటో పరిశోధకులు చూశారు. కెన్నెత్ రూబిన్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో రెండేళ్లప్పుడు వెనకాడిన పిల్లలందరూ నాలుగేళ్లకు అలాగే మిగల్లేదు. తల్లి అడుగడుగునా అడ్డుపడి అన్నీ తానే చేసిపెట్టినచోట, లేదా ‘ఇంత పిరికివాడివేంట్రా’ అని ఎగతాళి చేసినచోట ఆ గుణం గట్టిపడింది. రెండూ లేనిచోట చాలావరకు పట్టు వదిలింది. కేగన్ ప్రయోగశాలలోనే డోరీన్ ఆర్కస్ ఇళ్లకు వెళ్లి చూసినప్పుడు, బిడ్డ కాస్త గునిసినా హద్దు చెప్పి నిలబడగలిగిన తల్లుల పిల్లల్లో బెరుకు తక్కువగా కనబడింది. నేథన్ ఫాక్స్ బృందం 2001లో ఇంకో సంగతి చెప్పింది. బెరుకు వదిలిన పిల్లల్లో ఎక్కువమంది చిన్నప్పుడే తల్లిదండ్రులు కాక వేరేవాళ్ల సంరక్షణలో, ఇతర పిల్లల మధ్య కొన్ని గంటలు గడిపినవాళ్లు.

ఈ మాటలన్నీ చదివిన తర్వాత ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే దారి పక్క పల్లెలో ఒక అంగన్‌వాడీకి వెళ్లాను. మూడేళ్ల మనవణ్ణి చేర్చడానికి ఒక అవ్వ వచ్చింది. మొదటిరోజు వాడి పక్కనే చాపమీద కూర్చుంది. టీచరమ్మ ‘నువ్వు పో అవ్వా, ఏడ్చి ఏడ్చి వాడే ఊరుకుంటాడు’ అంది. అవ్వ కదల్లేదు. రెండోరోజు చాప అంచుకు జరిగింది. మూడోరోజు గడపలో కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంది. అయిదోరోజుకు ఎదురుగా వేపచెట్టు కింద ఉంది. వాడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. ఆ తర్వాతి రోజు గుడ్డు పెట్టే వేళకు వాడికి అవ్వ గుర్తే లేదు.

‘ఎవరు నేర్పించినారవ్వా ఇది?’ అన్నాను.

‘నేర్పించేదేముంది నాయనా. కొత్త గొర్రెపిల్లను మందలో ఒక్కసారిగా తోలేస్తే బెదిరిపోదూ? మన వాసన తగిలేటట్ల రెండు దినాలు నిలబడల్ల. ఇదీ అంతే.’

సిడ్నీలోని మక్వారీ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ రేపీ ఇదే విద్యను ఒక శిక్షణగా మలిచారు. బాగా బెరుకున్న 146 మంది చిన్నపిల్లల కుటుంబాలను రెండు జట్లు చేసి, ఒక జట్టు తల్లిదండ్రులకు మాత్రం ఆరు తరగతులు నడిపారు. నేర్పింది రెండే సంగతులు. బిడ్డ తరఫున మాట్లాడేయకండి. బిడ్డను భయం వైపు చిన్నచిన్న మెట్ల మీదుగా నడిపించండి. పిల్లల్ని తరగతికి పిలవనేలేదు. మూడేళ్ల తర్వాత చూస్తే ఆ జట్టు పిల్లల్లో ఆందోళన రుగ్మతలు తక్కువ. టీనేజీకి వచ్చాక కూడా ఆడపిల్లల్లో ఆ మేలు కనబడింది.

అవ్వ మొదటిరోజే వెళ్లిపోయినా, ఏడాదంతా వాడి పక్కనే కూర్చున్నా ఈ కథ ఇలా ముగిసేది కాదు. రోజుకో జానెడు జరగడంలోనే కిటుకంతా ఉంది.

ఇంకొక ముక్క. ఫాక్స్ బృందం పద్నాలుగు నెలల వయసులో చూసిన పిల్లల్ని 26 ఏళ్లప్పుడు మళ్లీ కలిసింది. 2020లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం బెరుకు పిల్లలు పెద్దయ్యాక మితభాషులుగా, తమలో తాముండేవాళ్లుగా కనిపించారు. ఆందోళన, కుంగుబాటు మాత్రం వాళ్లందరికీ అంటలేదు. పదిహేనేళ్ల వయసులో తాము చేసిన చిన్న పొరపాటుకు మెదడు మరీ గట్టిగా ఉలిక్కిపడినవాళ్లలోనే అవి ఎక్కువ. బెరుకున్న బిడ్డకు ‘తప్పు చేస్తే ఏమవుతుందో’ అన్న బెంగ తోడైతేనే ప్రమాదం. ఒక్క మార్కు తగ్గితే నలుగురిలో నిలబెట్టి అడిగే ఇళ్లూ బళ్లూ ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

పొసగని చోట

నైజాల్లో మంచివి చెడ్డవి అంటూ ఉన్నాయా? థామస్, చెస్ దంపతుల జవాబు ఒక తెలుగు మాటలో చెప్పొచ్చు: పొసగడం. బిడ్డ నైజానికీ చుట్టూ ఉన్న లోకానికీ పొసిగితే ఏ నైజమూ జబ్బు కాదు.

దీనికి కరువు నేల నుంచి ఒక ఉదాహరణ ఉంది. 1974 ప్రాంతంలో తూర్పు ఆఫ్రికాలోని మసాయి పశుపాలకుల మధ్య మార్టెన్ డెవ్రీస్ పసిబిడ్డల నైజాలను నమోదు చేశాడు. అందులో బాగా నెమ్మదస్తులైన పదిమందినీ, బాగా గయ్యాళులైన పదిమందినీ ఎంచుకున్నాడు. కరువు ముదిరి పశువులు చచ్చాక తిరిగివెళ్తే, నెమ్మదస్తుల్లో ఏడుగురి ఇళ్లు దొరికాయి, వాళ్లలో అయిదుగురు చనిపోయారు. గయ్యాళుల్లో ఆరుగురి ఇళ్లు దొరికాయి, చనిపోయింది ఒక్కరే. అంకెలు చిన్నవి, కాబట్టి వీటి మీద పెద్ద సిద్ధాంతం కట్టకూడదు. కానీ అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత పుట్టిన నేల మీద ఈ సంగతి కొత్తగా వినబడదు. పాలు తక్కువైనప్పుడు గట్టిగా ఏడ్చినవాడికే ముందు అందుతాయి.

షాంఘైలో షిన్‌యిన్ చెన్ చూసింది ఇంకోరకం. 1990లో అక్కడి బడుల్లో బిడియస్థులైన పిల్లలంటే తోటివాళ్లకూ పంతుళ్లకూ ఇష్టం, నాయకత్వం కూడా వాళ్లకే ఇచ్చేవారు. 2002కు వచ్చేసరికి బిడియస్థులను తోటిపిల్లలు దూరం పెట్టారు, వాళ్లలో దిగులు పెరిగింది. మధ్యలో మారింది పిల్లల మెదళ్లు కావు, బజారు. తోసుకుని ముందుకు వెళ్లేవాడికి విలువ కట్టే కాలం వచ్చింది.

పత్తి మార్కెట్‌తో, జిన్నింగ్ మిల్లులతో, తెలుగూ కన్నడమూ ఉర్దూ ఒకే అంగట్లో వినబడే ఆదోనిలో ఈ మార్పు ఒక తరం తేడాలోనే కనిపిస్తుంది. ‘నోట్లో నాలుక లేని పిల్ల’ అన్నది అవ్వల నోట మెచ్చుకోలు. అదే పిల్ల పట్నం కాలేజీలో సెమినార్ ఇవ్వలేకపోతే ‘కాన్ఫిడెన్స్ లేదు’ అని పేరు పడుతుంది. మెచ్చుకోలుగా పెంచిన గుణాన్నే పదహారేళ్లకు లోపంగా లెక్కగడతాం.

ఇంకో చిక్కుంది. గోల చేసే పిల్లవాడి గురించి బడి ఇంటికి కబురు పంపుతుంది. నోరెత్తని పిల్ల గురించి ఎవరూ కబురు పంపరు. బెంగళూరు నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015–16) 13–17 ఏళ్ల పిల్లల్లో నూటికి 3.6 మందికి ఆందోళన రుగ్మతలున్నట్లు లెక్కగట్టింది. వాళ్లలో చాలామంది తరగతిలో ‘బుద్ధిమంతులు’గా చలామణి అవుతూ ఉండి ఉంటారు.

సుగ్గి లారీ

పశ్చిమ కర్నూలులో పిల్లలకు కొత్త అంటే జాతర ఒక్కటే కాదు. ఇక్కడ సుగ్గి ఉంది, కూలి కోసం ఏటా సాగే వలస. వానలు మొహం చాటేసి, ఉన్న కాస్త పంటా ఇంటికొచ్చాక కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల్లో తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు, కర్ణాటకకు పత్తి ఏరడానికి కుటుంబాలు లారీలూ ఆటోలూ ఎక్కుతాయి. నెలల తరబడి అక్కడే. పిల్లల్ని వెంట తీసుకుపోవాలా, అవ్వ దగ్గర వదలాలా, సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టల్లో చేర్చాలా అన్నది ప్రతి ఇంట్లో ఏటా తేల్చుకునే లెక్క. బిడ్డ వయసు, బడి, చూసుకునే దిక్కు అన్నీ అందులో వస్తాయి.

నైజం గురించి తెలిసినవాళ్లు ఆ లెక్కలో ఇంకొకటి కలుపుతారు. వెంట వెళ్లే బిడ్డకు చోటు కొత్త: పరాయి చేను, పట్టాల గుడారం, తెలియని ముఖాలు, మిరప ఘాటు. కానీ ఎత్తుకునే చేతులు పాతవే. ఊళ్లో మిగిలే బిడ్డకు వీధి పాతది, అంగన్‌వాడీ పాతది. కానీ రాత్రి పక్కలో అమ్మ లేదు. హాస్టల్‌కు వెళ్లే బిడ్డకు చోటూ కొత్తే, అమ్మా లేదు. తేలిగ్గా సర్దుకునే పిల్లలు మూడింటిలో దేన్నైనా మోసేస్తారు. మెల్లగా అలవాటు పడే బిడ్డకు ఈ మూడూ ఒకటి కావు.

భయం ఎప్పుడు నైజం దాటి జబ్బు వైపు జరుగుతుంది? కొత్త పోవడానికి కొంచెం ఎక్కువ కాలం పట్టడం జబ్బు కాదు. నెలలు గడిచినా బడి పేరెత్తితే కడుపునొప్పి, ఇంట్లో గలగలా మాట్లాడి బయట ఒక్క మాటా పెగలకపోవడం, నిద్ర, తిండి, ఆట మానేయడం కనబడితే సాయం తీసుకోవాలి. ‘దడుచుకున్నాడు’ అని సాయంత్రం నమాజు వేళ మసీదు గుమ్మం దగ్గర బిడ్డనెత్తుకుని నిలబడి ఊదించుకునే తల్లులు మతంతో పనిలేకుండా మన ఊళ్లలో కనిపిస్తారు. బిడ్డ భయాన్ని వాళ్లు నిజమైన బాధగా లెక్కించి గడప దాటారు, అది మంచిదే. ఆ అడుగు డాక్టరు దాకా కూడా సాగాలి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలీ మానస్‌కు 14416కు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులో మాట్లాడతారు.

జబ్బు దాకా పోని బిడ్డలకు కావలసింది మందు కాదు, కాస్త ముందుచూపు. లారీ శనివారం బయల్దేరుతుందంటే, హాస్టల్‌కు వెళ్లాల్సిన బిడ్డను సోమవారమే చేర్చండి. అమ్మానాన్న ఇంకా ఊళ్లోనే ఉంటారు. మొదటి రెండు సాయంత్రాలు ఇంటికి తెచ్చుకుని, మూడోరాత్రి అక్కడ పడుకోబెట్టండి. శనివారానికి హాస్టల్ గది పాతబడుతుంది, పక్క మంచం పిల్లవాడి పేరు నోటికొస్తుంది. అప్పుడు అమ్మ వెళ్లడం ఒక్కటే బిడ్డ మోయాల్సింది. అది బరువే, కానీ మోయగలిగిన బరువు. లారీ తేదీ కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ చేతిలో ఉండొచ్చు, సోమవారం మాత్రం మన చేతిలోనే ఉంది. కొత్త చేసే బిడ్డకు రెండు కొత్తలు ఒకే రోజు రాకూడదు.